రజాకారులు, తిరుగుబాటుదారులు, అనుమానితులు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీ సమీపించునప్పటికి తెలంగాణములో నొక వాదము లేచుచుండును. ఆ దినమునకు పేరేమి యనునదే యా వాదము. 2022లో కేంద్రప్రభుత్వము దానిని హైదరాబాదు విమోచన దినమని జరిపెను. ఆనాడే రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని వేఱుగా జరిపెను. 2024 మార్చిలో కేంద్రము విమోచన దినమను పేరును గెజిటు మూలమున ప్రకటించెను. ఆ సెప్టెంబరులోనే రాష్ట్రమునందలి క్రొత్త ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని మఱియొక పేరు పెట్టెను. దినమొక్కటి, పేర్లు మూడు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క సంగతిని ముందునకు తెచ్చి తక్కిన సంగతులను వెనుకకు త్రోయుచున్నది.

ఈ పేర్ల తగవులోనికి దిగుట మా యుద్దేశము గాదు. దానికంటె కఠినమైన ప్రశ్న యొకటి యా దినము వెనుక దాగియున్నది. ఒక రాజ్యము కూలుచున్నపుడు, ఆయుధములు పట్టినవారు పలు తెఱగులవారై కలగాపులగముగా నున్నపుడు, వారిలో మతోన్మాద సాయుధు లెవరు, అన్యాయమున కెదురు తిరిగిన రైతు లెవరు, ప్రాణభీతిచే ఊరు విడిచిన వారెవరు అనునది యెట్లు నిర్ణయింపవలెను? నల్గొండ, మహబూబునగరు జిల్లాల ప్రజలు ఈ ప్రశ్నను గ్రంథములలో చదివినవారు గారు, అనుభవించినవారు. వారి యనుభవము నేటి ప్రపంచమునకు గూడ పనికివచ్చునని మా విశ్వాసము.

1946 నాటి నల్గొండ జిల్లా నేటి నల్గొండకంటె చాల పెద్దది. జనగామ, భువనగిరి, సూర్యాపేట, హుజూరునగరు, మిర్యాలగూడ, దేవరకొండ తాలూకాలు దానిలో జేరియుండెను. దానికి పడమటి దక్షిణమున నున్న మహబూబునగరు జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానములుండెను. మెట్టభూములు విస్తారము, వానలు స్వల్పము. చెఱువు క్రింద నాలుగు మళ్లున్నవాడే భాగ్యవంతుడు. అట్టి సీమలో కొందఱు దేశముఖుల చేత వేలకొలది యెకరములు చేరెను. వెట్టి, నాగులు, అక్రమ వసూళ్లు రైతును పీల్చి పిప్పిచేసెను. 1946 జులై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకిగుండుకు దొడ్డి కొమరయ్య కూలెను. ఆనాటినుండి నల్గొండ పల్లెలలో శాంతి లేదు.

1947 ఆగస్టు నాటికి ఆ సీమలో నాలుగు పక్షములు ఎదురెదురుగా నిలిచెను. నిజాము పోలీసులు, సైన్యము ఒకటి. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీను వారి రజాకారులు రెండవది. ఆంధ్ర మహాసభ పేరిట నారంభించి 1947 సెప్టెంబరు 11వ తేదీన సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన కమ్యూనిస్టు దళములు మూడవది. స్వామి రామానందతీర్థ నాయకత్వమున యూనియనులో చేరవలెనని సత్యాగ్రహము సాగించి, నాయకులు చెఱసాల పాలైన పిమ్మట సరిహద్దుల కావల శిబిరములు పెట్టిన స్టేటు కాంగ్రెసు నాలుగవది. ఈ నాలుగింటి నడుమ నలిగిన రైతు ఎవరికి అన్నము పెట్టినను మఱియొకరికి శత్రువయ్యెను. రాత్రి దళము వచ్చి గంజి త్రాగిపోయిన యింటికి తెల్లవాఱగనే పోలీసు వచ్చును. పోలీసునకు సలాము చేసిన పటేలు ఇంటికి రాత్రి దళము వచ్చును. అనుమానమను పదార్థము ఈ విధముగా ప్రతి గడపలోనికి ప్రవేశించెను.

రజాకారు అను మాటకు స్వచ్ఛంద సేవకుడని యర్థము. మజ్లిసు 1927లో స్థాపింపబడినది. బహదూరు యారు జంగు 1944లో మరణించిన తరువాత, 1946లో లాతూరు వకీలైన కాశిం రజ్వీ దాని నాయకత్వమును చేజిక్కించుకొనెను. సంస్థాన జనాభాలో ముస్లిములు నూటికి 12, 13 మందికి మించి లేరు. రాజ్యాధికారము వారి హక్కేయను సిద్ధాంతమును రజ్వీ తుపాకితో బోధింప మొదలిడెను. 1947 నవంబరు 29వ తేదీ యథాతథపు టొడంబడిక తరువాత ఆ వర్గము బలమే సర్కారునకు బలమయ్యెను. నల్గొండ పల్లెలను తన పోలీసులతో నదుపులో నుంచలేని ప్రభుత్వము శిక్షించు నధికారమును ఒక మతపక్షపు దండునకు కౌలు కిచ్చెనని చెప్పిన తప్పుగాదు. భూమిని కౌలుకిచ్చినవాడు పంటలో పాలు మాత్రమే పోగొట్టుకొనును. దండనాధికారమును కౌలుకిచ్చిన రాజు రాజ్యమునే పోగొట్టుకొనును.

రజాకారుల దౌష్ట్యములను తగ్గించి చెప్పువారు నేడు కొందఱున్నారు. వారితో మాకు పొత్తు లేదు. 1948 ఆగస్టు 27న బైరానుపల్లిపై రజాకారులును నిజాము బలగములును పడి 80 మందికి పైగా గ్రామస్థులను చంపిరి. చిట్యాల సమీపమున గుండ్రాంపల్లి ప్రజలు నేటికిని ఆనాటి హత్యలను తలచుకొనుచున్నారు. మహబూబునగరు జిల్లా అప్పంపల్లిలో 1947లో నిజాము పోలీసుల తుపాకులకు రైతులు బలియైరి. ఇవి కట్టుకథలు గావు. ఊరి నడుమ నిలిచిన స్తూపములే సాక్ష్యము.

అయినను ఆనాటి పక్షములను మతమునుబట్టి రెండుగా చీల్చి చూచువాడు నల్గొండ నెఱుగనివాడే. విసునూరు దేశముఖు భూదాహమున కెదురు నిలిచి, సాయుధ పోరాటమునకు ముందే ప్రాణము లర్పించిన కామారెడ్డిగూడెపు రైతు షేకు బందగీ ముస్లిము. పోరాటమునకు అజ్ఞాతమునుండి నాయకత్వము వహించినవారిలో నొకడైన మఖ్దూం మొహియుద్దీను ముస్లిము. యూనియనులో చేరుటయే శ్రేయమని ఇమ్రోజు పత్రికలో వ్రాసి, 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలో రజాకారుల చేత ప్రాణము గోల్పోయిన సంపాదకుడు షోయబుల్లాఖాను ముస్లిము. ఆ నెలలోనే రజాకారులను రద్దుచేయుడని బహిరంగముగా ప్రకటన చేసినవారు ముస్లిము ప్రముఖులు. మఱియొక ప్రక్క చూడుడు. రైతుసంఘములకు వెఱచి పట్నము చేరిన హిందూ దేశముఖులలో ననేకులు పోలీసులను, రజాకారులను వెంటబెట్టుకొని గ్రామములకు తిరిగివచ్చిరి. తమ గడీలలో వారికి విడిది యిచ్చిరి. మా పాఠకులలో భూస్వాములైనవారికి ఈ మాట రుచింపకపోవచ్చును. కాని ఆ కాలమున భూమి మతముకంటె బలమైన బంధమయ్యెనని యొప్పుకొననిదే నల్గొండ చరిత్ర యర్థము గాదు.

ఇంతకంటె చిక్కైన సంగతి 1948 మే నెలలో సంభవించెను. నిజాము ప్రభుత్వము కమ్యూనిస్టు పక్షముపై నున్న నిషేధము నెత్తివేసెను. నగరమునందలి కమ్యూనిస్టులు కొందఱు స్వతంత్ర హైదరాబాదును సమర్థించుచు మాటలాడిరి. అంతట భారత ప్రభుత్వ వర్గములలోను కాంగ్రెసు శిబిరములలోను రజాకారులకును కమ్యూనిస్టులకును సంధి కుదిరినదను ననుమానము బలపడెను. ఈ యనుమానమున కాధారము లేకపోలేదు. కాని నగరమున వెలువడిన ప్రకటనలోనిది యొకటి, నల్గొండ చేలలో జరిగినది మఱియొకటి. ఆ మే నెలకు తరువాతనే బైరానుపల్లి జరిగినది. ఆ వేసవిలోను, ఆ వర్షర్తువులోను దళములు రజాకారులతో పోరాడుచునే యుండెను. సెప్టెంబరులో రజాకారులు చెదరిపోవునపుడు వారి తుపాకులు కొన్ని దళముల చేజిక్కినవి. ఆ తుపాకులే తరువాత సంధికి రుజువులని కొందఱు చూపిరి! ఓడిన శత్రువు ఆయుధమును గైకొనుట సంధియైనచో, ప్రపంచమున ప్రతి విజేతయు శత్రువుతో సంధి చేసికొన్నవాడే యగును.

ప్రవాసుల సంగతియు నిట్టిదే. ఊరు విడిచి పోయినవారు రెండు దిక్కుల నుండిరి. నల్గొండనుండి కృష్ణా జిల్లాకును, మునగాల పరగణాకును, మహబూబునగరునుండి కృష్ణా తుంగభద్రల కావల కర్నూలు సీమకును వేలాది కుటుంబములు వలస పోయెను. నిజాము దృష్టిలో వారందఱు రాజద్రోహులు. అట్లే 1947 కల్లోలములలో ఇతర రాష్ట్రములనుండి భయపడి హైదరాబాదు చేరిన ముస్లిము శరణార్థులు వేలకొలదిగా నుండిరి. భారత పక్షము దృష్టిలో వారందఱు రజాకారులు. రెండు తెగలలోను ఆయుధము పట్టినవారుండిరి. మూట నెత్తిన బెట్టుకొని బిడ్డను చంకనిడుకొని వచ్చినవారే యెక్కువ. 1948 సెప్టెంబరు తరువాత, తరతరములుగా నిచ్చట స్థిరపడిన అరబ్బులలోను పఠానులలోను అనేకులను విదేశీయులని నిర్బంధించి దేశము వెడలింప యత్నించిరి. వారి తాతలు నిజాము కొలువునకు వచ్చినపుడు ఎవ్వరును వారిని విదేశీయు లనలేదు.

1948 సెప్టెంబరు 13న భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. విజయవాడ బాటపై మునగాల, సూర్యాపేటల మీదుగా నొక సేన వచ్చెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. మేజరు జనరలు చౌదరి సైనిక పరిపాలకుడయ్యెను. దీనితో రజాకారు పీడ విరుగడయైనదని ప్రజలు జయజయధ్వానములు చేసిరి. ఆ సంతోషము న్యాయమైనదే. కాని దాని వెంటనే జరిగిన దానిని మన వేదికలపై జెప్పుట యరుదు. పండిట్ సుందర్‌లాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీగారలతో గూడిన బృందము ప్రధాని నెహ్రూ కోరికపై 1948 చివర సంస్థానమున పర్యటించెను. మిక్కిలి తగ్గించి వేసిన లెక్కలోనే సంస్థానము మొత్తముమీద 27,000 మొదలు 40,000 వఱకు ప్రాణములు పోయెనని వారు వ్రాసిరి. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో ఘోరము మిక్కుటము. అయినను ఔరంగాబాదు, బీడు, నల్గొండ, మెదకు ఈ నాలుగింటిలో గలిసి కనీసము 5,000 మంది మరణించిరని వారు చెప్పిరి. పటేలుగారు ఆ నివేదికను అంగీకరింపలేదు. అది దశాబ్దములపాటు వెలుగు చూడక, 2013 నాటికి గాని ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయమున పాఠకులకు లభింపలేదు.

ఆ మరణించినవారు రజాకారులా? కొందఱై యుండవచ్చును. కాని ఆయుధములు గలిగి, నాయకత్వము వహించి, దోచిన సొమ్ము మూటగట్టినవారు ముందుగనే జారుకొనిరి. ప్రధానిగా నుండిన లాయకలీ గృహనిర్బంధమునుండి 1950 మార్చిలో తప్పించుకొని పాకిస్తాను చేరెను. పల్లెలో మిగిలినవాడు దూదేకులవాడు, సాయిబు రైతు, చిన్న జవాను. వాని పేరే వానిపై నేరారోపణ, వాని గడ్డమే సాక్ష్యము. పగ తీర్చుకొన్నవారందఱును రజాకారులచే బాధపడినవారు గారని గూడ ఆ బృందమువారే వ్రాసిరి. ఇంకొక మాట వారు వ్రాసినది మనకు గర్వకారణము. అనేకచోట్ల హిందువులు ముస్లిములను దాచి కాపాడిరి. ముఖ్యముగ హిందూ నేతపనివారు తోడి ముస్లిము నేతపనివారిని రక్షింపబోయి తాము ప్రాణములు గోల్పోయిరి. మగ్గము ప్రక్కన మగ్గము వేసికొని బ్రతికినవానికి రజాకారెవడో, కాని వాడెవడో తెలియును. ఎఱిగినవాడు కాపాడెను, ఎఱుగనివాడు చంపెను. ఇంతకు మించిన న్యాయసూత్రము మఱియొకటి లేదు.

దీని కెదురుగా నల్గొండ జిల్లాలోనే మఱియొక యుదాహరణము గలదు. 1948 జనవరి 10న భువనగిరి తాలూకా బీబీనగరు రైలుస్టేషను కడ సంఘటన జరిగి, రజాకారులు ఆ గ్రామముపై బడిరి. ఆ కేసులో కాశిం రజ్వీపై దోపిడి, గృహదహనము మొదలగు నేరములు మోపబడెను. ప్రత్యేక న్యాయస్థానము విచారించెను. ముద్దాయి వకీలును బెట్టుకొనెను, సాక్షులను ప్రశ్నించెను. ఆ విచారణ పద్ధతి రాజ్యాంగమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు వఱకు పోయెను. 1953 జనవరిలో న్యాయమూర్తులలో భిన్నాభిప్రాయము గలిగినను, అధికసంఖ్యాకులు అతని వాదమును త్రోసివేసిరి. ఏడు సంవత్సరముల శిక్ష నిలిచెను. 1957లో అతడు విడుదలయై పాకిస్తాను పోయెను. 1970లో నచ్చటనే మరణించెను. ఈ శిక్ష చాలదని యానాడు కోపించినవారు లేకపోలేదు. కాని ఒక్క సంగతి గమనింపుడు. ఎవని పేరు చెప్పిన పల్లెలు గజగజ వణికెనో వానికి వకీలు దొరకెను, అప్పీలు దొరకెను. వాని పేరైన సరిగా నెఱుగని వేలమందికి ఊరి పొలిమేరయే న్యాయస్థానమయ్యెను. నాయకునకు న్యాయము, అనామకునకు కత్తి! అనుమానముతో నడచు శిక్షయం దెప్పుడును ఈ తలక్రిందులే సంభవించును.

తిరుగుబాటుదారుల విషయమున నిదే కొలత వేయవలెను. యూనియను సైన్యము వచ్చిన పిదప దళములు ఆయుధములు దింపలేదు. 1951 అక్టోబరు వఱకు పోరాడెను. ఆ నిర్ణయము తప్పా ఒప్పా యని ఆ పక్షములోనే తగవులు గలవు. దళములు చేసిన హత్యలును గలవు. వానిని మేము సమర్థింపము. కాని కమ్యూనిస్టు ముద్రపడిన రైతులు నిర్బంధ శిబిరములలో ననుభవించినది గూడ మఱువరాదు. 1949లో నల్గొండ పోరాటపు ముద్దాయిలు పండ్రెండుగురికి ప్రత్యేక న్యాయస్థానములు మరణశిక్ష విధించెను. ఇంగ్లండునుండి డి. యన్. ప్రిట్ వచ్చి వారి పక్షమున వాదించెను. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనకపోయినను తుదకు ఉరి తప్పి యావజ్జీవ శిక్ష యయ్యెను. 1952 ఎన్నికలలో, అంతకు ముందు పోలీసులు గాలించిన రావి నారాయణరెడ్డిగారిని నల్గొండ ప్రజలు దేశమంతటిలో నెక్కువ యోట్లతో పార్లమెంటునకు పంపిరి. ఆనాటి పండ్రెండుగురిని తొందరపడి యురిదీసియుండిన యెడల, ఆ ప్రజలు బ్యాలెటు పెట్టె వంక చూచియుండెడివారా, తుపాకి వంక చూచియుండెడివారా?

ఇట్టి ప్రశ్నయే అఱువదేండ్లకు పిదప సముద్రముల కావల లిబియాలో పుట్టెను. 2011 ఫిబ్రవరిలో బెంఘాజీ నగరమున కర్నలు గడ్డాఫీ ప్రభుత్వమునకు ప్రతికూలముగ ప్రజలు లేచిరి. తిరుగుబాటుదారులందఱు అల్‌ఖైదావారని గడ్డాఫీ యఱచెను. వారికి తోడ్పడుచున్న పాశ్చాత్యులకును లోలోపల నిదే భయము. మార్చి 29న నాటో సేనాపతి యడ్మిరలు స్టావ్రిడిసు అమెరికా సెనేటులో మాటలాడుచు, తిరుగుబాటుదారులలో అల్‌ఖైదాకు సంబంధించిన స్వల్ప సూచనలు కానవచ్చుచున్నవని చెప్పెను. అఫ్గాను యుద్ధమునకు పోయినవారు, విదేశములలో ప్రవాసమున నుండినవారు, గడ్డాఫీ చెఱనుండి విడుదలయైనవారు ఆ తిరుగుబాటులో నుండిరన్న మాట సత్యమే. వారిచేతికి బలము రాగల కారణమేమి? నలువదేండ్లు గడ్డాఫీ సంఘములను, పత్రికలను, పక్షములను బ్రతుకనీయలేదు. ప్రభుత్వము కూలిన దినమున యుద్ధము తెలిసినవాడు, కట్టుబాటు గల గుంపు గలవాడు ఆ ప్రవాసియే. నిజాము రాజ్యమున పౌరపక్షములను చెఱలో బెట్టినపుడు మైదానము రజ్వీకి దక్కినట్లే అచ్చటను జరిగెను.

ఆ తిరుగుబాటుకు నిప్పురవ్వ యెక్కడిదో గమనింపవలయును. 1996లో త్రిపోలి నగరమందలి అబూ సలీం చెఱసాలలో సుమారు 1,200 మంది ఖైదీలు కాల్చి చంపబడిరి. వారిలో ననేకులు మతసాయుధులన్న అనుమానముపై పట్టుబడినవారు. సంవత్సరములపాటు బంధువులకు మరణవార్తయైన తెలుపలేదు. ఆ కుటుంబముల పక్షమున నిలిచిన న్యాయవాదిని 2011 ఫిబ్రవరిలో నిర్బంధించుటతోనే బెంఘాజీ వీథులు నిండెను. విచారణ లేక చంపిన అనుమానితుల శవములే పదునైదేండ్లకు ప్రభుత్వమును కూల్చెను.

అబ్దుల్ హకీం బెల్హాజు చరిత్ర యింకను వింత. సోవియటులపై అఫ్గాను యుద్ధమున పాల్గొని, లిబియా ఇస్లామీయ పోరాట దళమునకు నాయకుడైన యతనిని, గర్భిణియైన భార్యతో సహా 2004లో ఆగ్నేయాసియాలో పట్టి, పాశ్చాత్య గూఢచారులు గడ్డాఫీకి అప్పగించిరి. ఆరేండ్లు చెఱ యనుభవించి 2010లో విడుదలయ్యెను. 2011 ఆగస్టులో త్రిపోలి పడినపుడు అచ్చటి సైనికమండలి యధ్యక్షుడయ్యెను. 2012 ఎన్నికలలో అతని పక్షమును ప్రజలు తిరస్కరించిరి. 2018 మే నెలలో బ్రిటిషు ప్రభుత్వము ఆ దంపతులకు క్షమార్పణము చెప్పవలసివచ్చెను. ఇతడు అనుమానితుడా, సేనానియా, బాధితుడా? మూడును. ఒక్క మాటతో మనుష్యుని ముద్రవేయుట యెంత పొరపాటో ఇంతకంటె స్పష్టముగ చెప్పుట సాధ్యము గాదు.

అనుమానము వట్టిదే యని దీని యర్థము గాదు. 2011 జులైలో తిరుగుబాటు సేనాపతి అబ్దుల్ ఫతా యూనిసు స్వపక్షమువారి చేతనే హతుడయ్యెను. 2012 సెప్టెంబరు 11న బెంఘాజీలో అమెరికా రాయబారి మతసాయుధుల దాడిలో మరణించెను. 2015లో సిర్తు నగరము ఇస్లామిక్ స్టేటు వశమయ్యెను. ఆ సంవత్సరము జులైలో అచ్చటి విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరింపబడిరి. కన్నడిగులు ఇరువురు కొలది దినములలో విడుదలయైరి. తెలుగువారు ఇరువురు 2016 సెప్టెంబరు వఱకు బందీలై యుండిరి. పదునాలుగు మాసములు తెలుగు కుటుంబములు రెండు కంటికి నిద్ర లేక గడిపినవి. ఆనాటి స్వల్ప సూచనలలో సత్యముండెను. ఐనను, ఆ సత్యము సేనాపతుల హెచ్చరికలతో నాగిపోయి, ఆయుధములు పంచినవారు, పుచ్చుకొన్నవారు ఎవరను విచారణ జరుగలేదు. అనుమానమును పట్టించుకొనకపోవుట యొక తప్పు. విచారింపక శిక్షించుట రెండవ తప్పు. లిబియాలో రెండును జరిగెను.

తిరిగి నల్గొండకు వత్తము. ఇది 1948తో ముగిసిన కథ కాదు. 2015 ఏప్రిలు మొదటి వారమున సూర్యాపేట బస్సుస్టాండులో తనిఖీ చేయుచుండిన పోలీసులపై ఇరువురు కాల్పులు జరిపి ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును చంపిరి. 4వ తేదీన మోత్కూరు సమీపమున జానకీపురము కడ వారిరువురు పోలీసులతో పోరాడి చచ్చిరి. అచ్చట ఒక కానిస్టేబులు ప్రాణము విడిచెను. గాయపడిన సబిన్‌స్పెక్టరు మూడు దినములకు మరణించెను. హంతకులు 2013లో మధ్యప్రదేశములోని ఖండ్వా చెఱనుండి పాఱిపోయిన సిమీ సంస్థ సభ్యులని పోలీసులు ప్రకటించిరి. ఆ పోలీసుల త్యాగమునకు మేము శిరసు వంచుచున్నాము. ఆయుధము పట్టి కాల్చువానిని ఆయుధముతో నెదుర్కొనుట ధర్మమే.

కాని 7వ తేదీ యుదయమున మఱియొకటి జరిగెను. వరంగల్లు చెఱనుండి హైదరాబాదు న్యాయస్థానమునకు వ్యానులో తీసికొనిపోబడుచున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు సమీపమున కాపలావారి తుపాకులకు బలియైరి. వారు ఆయుధములు లాగికొన యత్నించిరని పోలీసులనిరి. పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రములలో శవముల చేతులకు సంకెళ్లు కనబడెను. వారిపై మోపిన నేరములు ఘోరమైనవి. పోలీసులను చంపిరనునది వానిలో నొకటి. వారు నేరస్థులై యుండవచ్చును, కాకపోవచ్చును. చెప్పవలసిన న్యాయస్థానమునకు వారు చేరనేలేదు. ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. పదేండ్ల పైబడిన పిదప గూడ ఆనాటి సంగతి నల్గొండ ప్రజల మనస్సులలో కొలిక్కి రాలేదు. నేరస్థుని నేరము రుజువుగాక ముందే చంపిన, నేరము వానితో చచ్చును. అనుమానము మాత్రము చంపినవారి వెంట బ్రతికియుండును.

"దేశరక్షణము రుజువుల కొఱకు కాచుకొని కూర్చుండగలదా?" యని మమ్ము ప్రశ్నించువారు గలరు. ప్రశ్న న్యాయమైనది. కాచుకొనవలదు. అనుమానము కలిగిన వెంటనే వెదకవలెను, పట్టవలెను, ఆయుధమును లాగికొనవలెను. అనుమానము అన్వేషణకు ఆరంభము; తీర్పు మాత్రము గాదు. ఈ రెంటి నడుమ నున్న దూరమే నాగరక రాజ్యమునకును నిజాము కడపటి సంవత్సరపు రాజ్యమునకును గల దూరము. మతము పేర ఆయుధము పట్టువాడు కోరునదేమి? తన మతస్థులందఱిని ప్రభుత్వము తనతో జేర్చి చూడవలెనని. రజ్వీ ముస్లిములందఱు తనవారే యనెను. సెప్టెంబరు తరువాత కత్తిపట్టిన గుంపులు అదే మాట యనెను. శత్రువు చెప్పిన యబద్ధమును మనమే నిజము చేసినచో, ఓడినది శత్రువు గాదు.

కావున మా సూచనలు స్పష్టము. దండనాధికారము ఏ పక్షపు దండునకును, ఏ రంగు జెండా వారికిని, ఎంత యాపదలోనైనను ప్రభుత్వము కౌలు కీయరాదు. ఉగ్రవాద నేరముల విచారణలు సంవత్సరముల తరబడి సాగరాదు; ఆలేరులో మరణించినవారు సుమారు ఐదేండ్లు విచారణ ఖైదీలుగ నుండిరనుట మన న్యాయవిధానమునకే తలవంపు. కాపలాలో నున్నవాని మరణము ప్రతిదియు న్యాయాధికారిచే విచారింపబడి, ఫలితము ప్రజలకు తెలుపబడవలెను. సెప్టెంబరు 17వ తేదీకి ఏ పేరు పెట్టినను, ఆనాటి ప్రసంగములలో బైరానుపల్లి, గుండ్రాంపల్లి, అప్పంపల్లి మృతులతోపాటు, 17వ తేదీ దాటిన తరువాత పేరునుబట్టి చంపబడిన నిరపరాధులను గూడ స్మరింపవలెను. షోయబుల్లాఖానును, షేకు బందగీని పాఠశాలలలోని బాలురకు తెలుపవలెను. తోడి నేతపనివాని ప్రాణమునకు తన ప్రాణ మడ్డుపెట్టినవారి కొక స్తూపము వేయవలెను.

నల్గొండ, మహబూబునగరు సీమల నేల రాతినేల. అందు నీరు పడవలెనన్న లోతుగ త్రవ్వవలెను. పైపై చూచి ఇచ్చట నీరున్నదని చెప్పిన వాని మాట రైతు నమ్మడు. నేరము విషయమున గూడ మన రైతు ఈ వివేకమును విడువకుండుగాక.